భద్రయ్య మెడలో గంట

అడవి అంచున దొడ్డిలో ఉండే ఎడ్లన్నిటికీ భద్రయ్య పెద్ద. అతని మెడలో గంట మోగిందంటే ఎక్కడి కాడి అక్కడ దింపేయాలన్నది వాటి కట్టుబాటు. ఆ గంటకు జడిసే ఇన్నాళ్లూ ఎవరూ వాటి జోలికి రాలేదు.

తోడేలు గద్దెనెక్కిన వారానికే ఎదురుతిరిగిన దున్నలు కనబడకుండా పోయాయి.

"గంట మోగించు భద్రయ్యా. మనం బండలు లాగకపోతే వాడి కోట లేవదు," అన్నాడు కాడిలో అతని జోడు నాగన్న.

"తొందరపడకు. రాజులు వస్తుంటారు, పోతుంటారు. మనకు దొడ్డి నిలబడాలి." అన్నాడు భద్రయ్య.

అంతలో తోడేలు నుంచి కబురొచ్చింది. రేపు ఎడ్ల పండగ, అందరూ ఊరేగింపుకు రావాలని.

"చూశావా, మనకెంత మర్యాద ఇస్తున్నాడో," అని భద్రయ్య పొంగిపోయాడు. నడకలో గంట మోగితే రాజుకు ఎక్కడ కోపమొస్తుందోనని దాని నిండా గడ్డి కుక్కించుకుని, తోడేలు జెండా వెనకాల అందరికంటే ముందు నడిచాడు.

మర్నాడు పెద్దకు విశ్రాంతి అంటూ భద్రయ్యను దొడ్డిలోనే ఉంచి, మిగతా ఎడ్లు పనికి పోగానే తోడేళ్లు దొడ్డిని చుట్టుముట్టాయి. భద్రయ్య మెడ విదిలించాడు. మళ్లీ విదిలించాడు.

కొండ కింద నాగన్న ఒక్క క్షణం ఆగి చెవులు రిక్కించాడు. ఏమీ వినబడలేదు. తల వంచి తోడేలు కోటకు బండ లాగసాగాడు.