పద్నాలుగో సీసా

"ఉప్పెయ్యుడు మర్చిపోయినవ్. ఒప్పుకో, పెద్దరాములు," అన్నాడు ల్యాబు పెద్ద వరుణ్ సార్, పద్నాలుగో సీసాను కిటికీ వెలుతురుకు పట్టి చూస్తూ.

పెద్దరాములు ఒప్పుకోలేదు. పటాన్‌చెరులోని ఆ ల్యాబులో పదకొండేళ్లుగా ఉప్పునీళ్లు కలిపేది ఆయనే. కాటా ముందు కూర్చున్నాడంటే గడ్డపోతారం నుంచి భార్య మొగులమ్మ ఫోన్ చేసినా ఎత్తడు. ఆ చేతి కొలత తప్పిందన్న మాట ఇంతవరకు ఎవరి నోటా రాలేదు.

అక్కడ చేసేది సబ్బులాంటి ఒక మందు. పాత బావుల అడుగున రాతిని పట్టుకుని, రానంటే రానని మొండికేసిన చమురును అది కడిగి పైకి పంపాలి. కానీ ఆ లోతున ఉన్నవన్నీ ఉప్పునీళ్లే. ఉప్పు తగిలితే ఎంతటి సబ్బయినా పాలు విరిగినట్టు విరుగుతుంది. మూడేళ్లుగా ఆ మందు తయారుచేస్తున్న కెమిస్టు అనూహ్య తంటాలన్నీ అందుకే. ఈసారి ఆమె చేసిన ఇరవై నాలుగు రకాలను ఉప్పునీళ్లలో కలిపి, పదిహేను రోజులు వేడిలో ఉంచితే ఇరవై మూడు విరిగాయి. పద్నాలుగోది మాత్రం తేటగా నిలిచింది.

వరుణ్ సార్ నమ్మితేనా! ఈ మాత్రం ఉప్పుకు నిలిచే మందు దొరికితే పండగేనని, దీనికి రెండింతల ఉప్పుండే బావుల సంగతి తాను రిటైరయ్యాక ఎవరో చూసుకుంటారని ఆయన ఎప్పుడూ అనేవాడు. ఇప్పుడేమో, కరిగిన ఉప్పు కంటికి కనబడుతుందా అని ఎద్దేవా చేశాడు. తప్పు తేలితే రేపటి నుంచి గేటు డ్యూటీయే అన్నాడు.

పెద్దరాములు అవమానంతో ముందుకొచ్చాడు.

"ఏసిన సార్. నాకు మంచిగ యాదికున్నది. ఉప్పేసినంక మూత మీద సుద్దగీత పెడ్త, గది నా అలవాటు. ఆ దినం పద్నాలుగో సీస కాడున్నప్పుడే సైరన్ డ్రిల్లని అందర్ని బయటికి పంపిండ్రు. తిరిగొచ్చి సూస్తే మూత మీద గీత లేదు. కూసొని తూచి, ఉప్పేసి, అప్పుడు గీత పెట్టిన."

ఇరవై నాలుగింటికీ సరిపోవాల్సిన డబ్బా చివరి సీసాకు చాలకపోతే, తక్కువ తూచి పంపారని తిట్టుకుంటూ కొత్తది విప్పిన సంగతి కూడా ఆయనకు గుర్తుంది.

వాదనెందుకని అనూహ్య ఆ సీసాలోంచి కొన్ని నీళ్లు తీసి, ఆవిరి చేసి, మిగిలిన ఉప్పును తూచింది. అంకె చూసి ఉలిక్కిపడి, ఇంకోసారి నీళ్లు తీసి మళ్లీ అదే చేసింది. వరుణ్ సార్ కాటా మీదికి వంగి చూశాడు. తన కుర్చీ లాక్కొచ్చి పెద్దరాములు ముందు వేశాడు.

"నే జెప్పలే సార్? నా చెయ్యి తప్పది," అంటూ పెద్దరాములు దర్జాగా కూర్చున్నాడు.

అనూహ్య కళ్లనిండా నీళ్లతో నవ్వుతోంది.

"కాకా, నువ్వు దీంట్ల ఉప్పు రెండుసార్లు ఏసినవ్."