నాలుక చెడగొట్టినవాడు

అనకాపల్లి బెల్లం మార్కెట్‌లో చీమలను ఎవరూ పట్టించుకోరు. బెల్లం ఉన్నచోట చీమలు గాక ఏనుగులు తిరుగుతాయా?

అందుకే ఆ రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, షెడ్డు వెనక పోతన్న ఒంటికి వెళ్లొచ్చిన చోటల్లా చీమలు పడుతున్నా, అది జబ్బని ఎవరికీ తట్టలేదు.

పోతన్నది షావుకారు కొట్టులో రుచి చూసే పని. బెల్లం దిమ్మ అంచు గిల్లి నోట్లో వేసుకుని ఏ రకమో చెబితే, ఆ మాట మీదే ధర కట్టేవారు. పొద్దున్నించీ గిల్లడం, చప్పరించడం, మింగడం. అతనికి అన్నం పెట్టేది ఆ నాలుకే.

కొన్నాళ్లుగా అతను ఒకచోట కుదురుగా కూచోలేకపోతున్నాడు. ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరదు, తాగినవి నిలవవు. కాలికి చెప్పు కరిచిన పుండు మానదు. వేడి చేసిందిలే అని భార్య సీతాలమ్మ మజ్జిగ ఇచ్చేది.

ఒక రోజు షెడ్డు వెనకనుంచి వస్తుంటే ఎవరో పెద్దాయన ఎదురొచ్చాడు. తలపాగా, చంకలో గొడుగు. ఎప్పుడూ చూసిన మనిషి కాదు.

"బాబూ, ఈ సీమలు బెల్లానికి రానేదు. నీ ఎనకాల వచ్చేయి."

పోతన్నకు ఒళ్లు మండింది. పెద్దాయన అదేమీ గమనించనట్టే చేతిలో ఒక పొట్లం పెట్టాడు. మెంతులు. రాత్రి నానబెట్టి పొద్దున్నే నమలమన్నాడు. బెల్లం రుచి చూసి ఉమ్మేయాలి గానీ మింగకూడదన్నాడు. జబ్బు పూర్తిగా పోదు, కాస్త అదుపులో ఉంటుంది, డాక్టరుకు మాత్రం చూపించుకోవాలన్నాడు. ఇంకా ఏదో చెప్పబోతుంటే పోతన్న వెళ్లిపోయాడు. నిలబడి వినే ఓపిక అతనికెక్కడిది?

అయినా మర్నాడు నమిలాడు. పుండు భయం అలాంటిది.

నమిలిన నోటితోనే కొట్టుకు పరిగెత్తి బెల్లం గిల్లి వేసుకున్నాడు. మాడుగుల రైతు తెచ్చిన మేలురకం కాస్తా చేదుగా తగిలింది. నాసిరకం అనేశాడు. రైతు లబోదిబోమన్నాడు. షావుకారు తనే రుచి చూసి, పోతన్నకేసి ఒక చూపు చూశాడు.

అప్పుడు పోతన్నకు తట్టింది. ఎలమంచిలి షావుకారుకూ తమ షావుకారుకూ బెల్లం బేరాల్లో ఎప్పుడూ పోటీయే. తన నాలుక చెడగొట్టడానికి వాళ్లే మనిషిని పంపించారు.

ఆ వారంలోనే పెద్దాయన మళ్లీ వచ్చాడు, మళ్లీ పొట్లంతో. పోతన్న దాన్ని లాక్కుని రోడ్డు మీదకు విసిరాడు. మార్కెట్టంతా వినేలా అరిచాడు.

"ఎలమంచిలోలు నీకేటిచ్చేరు?"

పెద్దాయన తెల్లబోయాడు. "సేదు కాసేపే ఉంటాది బాబూ. నోరు కడుక్కుని, కాసేపాగి..."

మాట పూర్తి కాకుండానే, దిమ్మలు మోసే కళాసీలు ఆయన్ని గేటు దాకా నెట్టుకుపోయారు. గొడుగు కింద పడింది. వంగి తీసుకుని, దుమ్ము దులుపుకుని వెళ్లిపోయాడు.

వానలు పడేసరికి పుండు పాదమంతా పాకింది. ఆసుపత్రిలో చక్కెర జబ్బన్నారు. యుద్ధం వల్ల సూదిమందు దొరకడం లేదన్నారు. పాదం తీసేశారు. తీపి మానెయ్యమనీ, మెంతులు తింటే కొంత మేలేననీ చెప్పి పంపించారు.

పోతన్న ఏడ్చాడు. పాదం కోసం కొంత, కింద పడిన ఆ గొడుగు కోసం కొంత.

కర్రలతో నడవడం రాగానే రైలెక్కి ఎలమంచిలి వెళ్లాడు. ఎవరు పంపితేనేం, చెప్పింది మంచి మాట. ఒక్కసారి ఆయన చేతులు పట్టుకోవాలి.

ఆనవాళ్లు చెబితే ఒక ఇల్లు చూపించారు. అరుగు మీద ఆయన భార్య దేముడమ్మ ఉంది. ఆయన వానల్లోనే జ్వరమొచ్చి పోయాడంది. పోతన్న కర్రలు పక్కన పెట్టి అరుగు మీద కూచున్నాడు. తను చేసిందంతా దాచకుండా చెప్పుకుని, ఇంతకీ ఆయన్ని పంపిందెవరని అడిగాడు.

"ఎవులూ పంపనేదు బాబూ. ఏదో పనుండి వచ్చి, నిన్ను సూసి ఉండలేకపోయేడు. నువ్వరిసిన అరుపు మా సావుకారు సెవిన పడ్డాది. పోటీవోడికి మందు సెప్తావా అని పన్లోంచి తీసేసేడు."

ఏం పని అని అడిగాడు పోతన్న.

"నీ పనే. ఏళ్ల తరబడి ఆ కొట్టులో బెల్లం రుసి సూసింది ఆయనే బాబూ, రోజూ పొద్దున్నే మెంతులు నమిలీసి."