వెన్నులో నల్లమచ్చ

"ఎప్పుడైనా కింద పడ్డావామ్మా? నడుముకు దెబ్బ తగిలిందా?" తిరువళ్ళూరు డాక్టర్ బాలసుబ్రమణ్యం రెండోసారి అడిగాడు.

"లేదు సామీ," అంది గోవిందమ్మ తల వంచుకుని.

మద్రాసులో తీయించిన ఎముకల స్కాన్ ఆయన చేతిలో ఉంది. వెన్నుపూసల్లో ఒకచోట నల్లమచ్చ. కిందటేడు ఆమెకు రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీశారు. అందుకే ఆ మచ్చంటే అందరికీ హడలు.

"క్యాన్సర్ పాకినా ఇట్లాగే కనిపిస్తుంది, పాత దెబ్బయినా ఇట్లాగే కనిపిస్తుంది. ఈ స్కాన్ ఒక్కటీ చూసి ఏదన్నది చెప్పలేను."

"దెబ్బా? దీనికా?" ఆమె మొగుడు ధనకోటి ఛాతీ విరిచాడు. "పెండ్లైనకాణ్ణించీ నా సైకిల్ మీదే తిరిగింది సార్. ఒక్కసారన్నా కింద పడేసినానా, అడగండి!"

కాఫీ తెస్తానని ఫ్లాస్కు తీసుకుని బయటికెళ్ళాడు.

తలుపు పడగానే గోవిందమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"పడినాను సామీ. పెండ్లైన కొత్తల్లో. ఆర్.కె.పేట నుంచి తిరుత్తణికి పోతా ఉంటే, సైకిల్ గుంతలో ఎగిరి రాయి మీద పడినాను. ఆయన పాట పాడుకుంటా పోతానే ఉండాడు. లేసి, పరిగెత్తి, మళ్ళా ఎక్కి కూసున్నాను."

"ఓరి దేవుడా! ఆయనకు చెప్పలేదా?"

"చెప్తే ఆ సైకిల్ మళ్ళీ ముట్టుండునా? ఎంత ముచ్చటపడి కొన్నాడో! నడుము పట్టేస్తే, బిందె ఎత్తినానని అబద్ధం చెప్పినాను. ఇప్పుడు కూడా చెప్పొద్దు సామీ, మీ కాళ్ళు పట్టుకుంటా."

డాక్టర్ వెంటనే పక్కగదిలోనే ఎక్స్‌రే తీయించాడు. మచ్చ ఉన్నచోటే పూస ఎప్పుడో నలిగి అతుక్కుంది. దాని చుట్టూ అరుగుదల.

"పాత దెబ్బేనమ్మా. కొన్నాళ్ళాగి ఇంకోసారి చూద్దాం, భయం లేదు."

గోవిందమ్మ భోరున ఏడ్చింది. తన ఏడుపుకు తనే నవ్వింది. కాఫీతో వచ్చిన ధనకోటికి, "పాత దెబ్బంట మామా, బిందె ఎత్తినప్పటిది," అని చెప్పి, మొహం కడుక్కోడానికి కొళాయి దగ్గరికెళ్ళింది.

ధనకోటి కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు. తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"చెప్పినాదా సార్? చెప్పకుంటే నేనే చెప్పేద్దామనుకున్నా."

"ఏం చెప్పాలి?" అన్నాడు డాక్టర్, ఏమీ ఎరగనట్టు.

"దానికి సిగ్గు జాస్తి సార్. నేను తిరిగి చూసుంటే అది సచ్చిపోయుండును. పరిగెత్తి ఎక్కనీ అనే గదా సార్, ఆ పొద్దు నేను మెల్లంగా తొక్కింది."