బ్రేకు మాస్టారి అనుమానం

ప్రశ్న పూర్తయ్యీ కాకముందే హాలంతా గొల్లున నవ్వింది.

మైకు పట్టుకుని నిలబడ్డ బ్రేకు మాస్టారు బిక్కమొహం వేశాడు. ఆయన వేళాకోళానికి అడగలేదు మరి.

కారు నడపడం నేర్పడం ఆయన వృత్తి. పక్క సీట్లో కూర్చుని, తన కాలి కిందున్న రెండో బ్రేకు మీంచి పాదం తీయకుండా ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాడు కాబట్టి ఆ పేరొచ్చింది. కంగారు పుడితే మామూలు నేల మీద కూడా ఆ కాలు దానంతటదే నొక్కేస్తుంది. ఇప్పుడూ నొక్కుతూనే ఉంది.

ఆదివారం పొద్దున, లైబ్రరీ మేడమీద మీటింగు. ట్రాన్స్‌జెండర్ మనుషుల గురించి, ఎవరికి ఎవరి మీద ఇష్టం కలుగుతుందన్న దాని గురించి ఏళ్ళ తరబడి పరిశోధన చేసిన డాక్టరమ్మ మామూలు జనానికి అర్థమయ్యేలా చెబుతుందట. వెళ్ళి వినమని మాస్టారికి కూతురే చెప్పింది.

ఆయన అడిగింది కూడా ఆ కూతురి గురించే.

"మా అమ్మాయి పుట్టినప్పుడు మగపిల్లాడన్నారండి. పెద్దయ్యాక, కాదు నాన్నా, నేను అమ్మాయినే అంది. గింజుకున్నాను, గొడవపడ్డాను, చివరికి సరేనన్నాను. ఇప్పుడేమో ఇంకో అమ్మాయి మీద మనసు పడ్డానంటోంది. ఆ మాత్రానికి అబ్బాయిగానే ఉండిపోతే సరిపోయేది కదా?"

అక్కడే నవ్వారు.

మాస్టారు కూలబడబోయాడు. అంతలో పక్క కుర్చీలో ఉన్న నెరిసిన జుట్టావిడ లేచి నిలబడింది.

"నాదీ అదే అనుమానం డాక్టరుగారూ. వీళ్ళ నవ్వులు అయ్యాకే చెప్పండి."

హాలు సద్దుమణిగింది.

మాస్టారికి మాత్రం ఒళ్ళు మండింది. ఈవిడెవరో తనని ఆట పట్టిస్తోందనుకున్నాడు.

డాక్టరమ్మ నవ్వలేదు. చాలామంది కడుపులో దాచుకుని అడగని ప్రశ్న ఇదేనంది.

"మాస్టారూ, మీ ఆవిడ మీద మీరు మనసు పడింది ఎప్పుడు?"

"కాలేజీ రోజుల్లోనండి."

"అందాకా మీరు మగవారని మీకు తెలియదా?"

"ఎందుకు తెలియదూ? నిక్కర్లు వేసుకునే రోజుల్నుంచీ తెలుసు."

"మీ అమ్మాయి సంగతీ అంతే. తనెవరన్నది ఒకటి. తన మనసు ఎవరి మీదికి పోతుందన్నది ఇంకొకటి."

హాలు మళ్ళీ నవ్వింది. ఈసారి మాస్టారు కూడా నవ్వాడు.

తర్వాత ఆవిడ నిదానంగా వివరించింది. మాస్టారి అమ్మాయిలాంటి ట్రాన్స్ మహిళల్లో మగవాళ్ళని ఇష్టపడేవాళ్ళున్నారు, ఆడవాళ్ళని ఇష్టపడేవాళ్ళున్నారు, ఇద్దరినీ ఇష్టపడేవాళ్ళూ, ఎవరి మీదా అలాంటి ఇష్టం కలగనివాళ్ళూ ఉన్నారు. లోకంలో మిగతా జనం ఉన్నట్టే. ఒకదాన్ని చూసి రెండోది చెప్పలేం. మనసు ఇటే ఎందుకు పోతుంది, అటెందుకు పోదు అంటే, ఇంకా పూర్తిగా తెలియదు అంది.

మాస్టారికి అన్నిటికంటే ఆ "తెలియదు" అన్న మాట నచ్చింది. తెలియదని ఒప్పుకున్నవాళ్ళే ఆయన దగ్గర తొందరగా బండి నేర్చుకుంటారు.

మీటింగు అయ్యాక వరండాలో టీ ఇస్తున్నారు. పక్క కుర్చీ ఆవిడ రెండు కప్పులు పట్టుకుని నేరుగా ఆయన దగ్గరికే వచ్చింది. ఇక మొదలుపెట్టింది. అమ్మాయి ఏం చేస్తుంది, కోపిష్టిదా, ఒళ్ళు బాగాలేకపోతే ఎవరు చూసుకుంటారు, చేతి ఖర్చెక్కువా.

మాస్టారు ముక్తసరిగా జవాబులిచ్చి, ఇక ఉండబట్టలేక అనేశాడు.

"పెళ్ళిచూపులకొచ్చినట్టు అడుగుతున్నారేంటండీ?"

ఆవిడ టీ ఒలికేలా నవ్వింది. ఏమనుకోవద్దు, నోరు ఊరుకోదు అంది.

ఆ నవ్వు చూసి మాస్టారు కాస్త మెత్తబడ్డాడు. మెత్తబడితే కూతురి గొప్పలు చెప్పకుండా ఉండడం ఆయన వల్ల కాదు. కంటి ఆస్పత్రిలో పని అని, ముసలివాళ్ళు ఆ పిల్ల చేత్తోనే మందు వేయించుకుంటామని మారాం చేస్తారని, తనకి జ్వరమొస్తే సెలవు పెట్టి వచ్చి, చెడామడా తిట్టి, కాలు కింద పెట్టనివ్వలేదని చెప్పాడు.

"ఆ అమ్మాయి ఇంట్లోవాళ్ళు ఒప్పుకోకపోతే?" అందావిడ, కప్పులోకి చూస్తూ.

మాస్టారికి మళ్ళీ చుర్రుమంది.

"నా బిడ్డని కాదనుకుంటే వాళ్ళంత తెలివితక్కువ వాళ్ళు ఇంకెక్కడా ఉండరు. ఆ మాట వాళ్ళ మొహం మీదే చెబుతాను."

"చెప్పండి. వాళ్ళూ వినాలి" అని ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, బస్సు వేళయిందంటూ గబగబా మెట్లు దిగిపోయింది.

తను కప్పు కింద పెట్టాక గానీ మాస్టారికి తట్టలేదు, అందరూ నవ్వుతుంటే తన పక్షాన లేచి నిలబడింది ఆవిడొక్కతేనని. ఆట పట్టించేవాళ్ళు అలా నిలబడరు. థాంక్స్ చెబుదామని కిందికి పరుగెత్తాడు. బస్సు అప్పుడే మలుపు తిరిగిపోయింది. పేరైనా అడగలేదే అని తనని తనే తిట్టుకున్నాడు.

సాయంత్రం కూతురికి ఫోన్ చేశాడు. జనం నవ్విన సంగతి, డాక్టరమ్మ మాటలు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పి, "ఈసారి సెలవులకి ఆ పిల్లని కూడా తీసుకురామ్మా. నేను చూడొద్దూ?" అన్నాడు.

అవతల్నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"ఏమ్మా, ఆ పిల్ల వాళ్ళమ్మ ఇంకా ఒప్పుకోలేదా?"

"ఇవాళ్టి మీటింగుకి వెళ్ళమని తనూ వాళ్ళమ్మకి చెప్పింది నాన్నా. వెళ్ళనని ఫోన్ పెట్టేసిందట. ఇందాక ఆవిడే చేసింది."

"ఏమంది?"

"ఇద్దరూ చల్లగా ఉండండి అంది. పొద్దున నీతో కలిసి టీ తాగింది ఆవిడే నాన్నా."