చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం

"రెండుసార్లు పొమ్మన్నాను. మళ్లీ ఎందుకొచ్చావు?" గుమ్మంలో కూర్చున్న ఖొదేజా, పొరలు కమ్మిన కళ్లు ఎత్తకుండానే అడిగింది.

"నీ మనవడికి విరేచనాలని కోడలు కబురు పంపింది ఖాలా," పిన్ని వరస కలిపి అంది వచ్చినామె.

మేఘనా నది వరద తీసి పదిరోజులైంది. ఇంటింటికీ తిరిగి ఉప్పు బెల్లం నీళ్లు కలపడం నేర్పే ఉద్యోగం ఆమెది. ఏ ఇంట్లోనైనా ముందు తన పేరు చెప్పుకునేది. ఈ ఇంట్లో మాత్రం, "అక్కా అన్నట్టు ఆపా అంటే చాలు" అంది.

లోపల కోడలు కుల్సుమ్ ఒళ్లో రెండేళ్ల టుకు వడిలిపోయి ఉన్నాడు. ఆపా అరసేరు కాచిన నీళ్లలో మూడువేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం వేసి కలిపింది. ముసలమ్మ తడుముకుంటూ వచ్చి గిన్నెలో వేలు ముంచింది.

"బెల్లం కరిగి మాయమైపోయింది. ఇక అదేం చేస్తుంది?"

"మాయం కాలేదు ఖాలా. కంటికి ఆననంత సన్నటి రేణువులై నీళ్లలోనే ఉంది. ఒక్కో రేణువు చుట్టూ నీళ్లు మూగి ఉంటాయి. ఆ తీపీ ఉప్పూ కలిసి పేగు గోడ దాటితే, నీళ్లూ వాటి వెంటే ఒంట్లోకి పోతాయి. వట్టి నీళ్లయితే నిలవవు."

ఖొదేజా ఆ వేలు నాకి చూసింది. తర్వాత కోడలి దగ్గర నుంచి పిల్లాణ్ణి తీసుకుని ఆపా ఒళ్లో పడుకోబెట్టింది.

చెంచా చెంచాగా మధ్యాహ్నం దాకా పట్టించింది ఆపా. సాయంత్రం అసర్ నమాజు వేళకి టుకు ఉచ్చ పోశాడు. ఏడిస్తే కన్నీళ్లు వచ్చాయి. కుల్సుమ్ గోడకి ఆనుకుని తనూ ఏడ్చింది.

అప్పుడు చెప్పింది ముసలమ్మ. తొమ్మిదేళ్ల కిందట చిన్నకొడుకు ఫొరీద్‌కి ఇదే జబ్బు. చుక్క నీరు కూడా పోయొద్దని కాంపౌండరు కూతురు మొమెనా వచ్చి తండ్రి మాటగా చెప్పి వెళ్లింది. వాడు రోజంతా నీళ్లు అడిగాడు. ఈవిడ నిండుకుండ పక్కనే కూర్చుని ఇవ్వలేదు. పొద్దుగూకేసరికి వాడు అడగడం మానేశాడు.

ఆపా చెంచా గిన్నెలో పెట్టేసింది.

"ఆ పిల్లకీ తెలియదేమో ఖాలా."

"తెలియదు. నాకూ తెలియదు. ఇవ్వంది మాత్రం నేనే."

"ఆ పిల్ల ఇప్పుడు ఎదురుపడితే ఏం చేస్తావు?" ఆపా టుకు తల నిమురుతూ అడిగింది.

ఖొదేజా ఆ గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పింది.

"మనవణ్ణి తెచ్చి ఒళ్లో పెట్టాను కదా, మొమెనా."