చిన్నవాడికి సూది

"చిన్నవాడికి ఇప్పుడే సూది వేసెయ్యాలి," అంది డాక్టరమ్మ.

తల్లి బిడ్డను గుండెకు అదుముకుంది. కవలల్లో పెద్దవాడు మెదడులో రక్తస్రావమై ఆ ఉదయమే పోయాడు.

"నా పాలు పడలేదా డాక్టరుగారూ వాడికి?"

"నీ తప్పేం లేదమ్మా. ఏ తల్లి పాలల్లోనైనా విటమిన్ కె తక్కువే. రక్తం గడ్డకట్టించే ప్రొటీన్లు ఒంట్లో తయారవుతూనే ఉంటాయి. ఆ విటమిన్ అందితేనే అవి పనిచేస్తాయి. అందుకే పుట్టగానే సూది వేస్తాం. మీవాళ్లు వద్దన్నారట."

"ఎవరు?"

"నేనేనే తల్లీ," అంది అత్తగారు గబుక్కున. "పసిగుడ్లకు సూదులేంటని నేనే అన్నాను."

కాన్పు రోజున అత్తగారు ఊళ్లోనే లేదు. ఆసుపత్రిలో ఉన్నది భర్త ఒక్కడే.

తల్లి తలెత్తి భర్తవైపు చూసింది. అతను గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

ఆమె మెల్లగా లేచి వెళ్లి బిడ్డను అతని చేతుల్లో పెట్టింది.

"కాలు కదలకుండా పట్టుకోండి," అంది.

అతను పట్టుకున్నాడు. సూది దిగింది.

బిడ్డకన్నా ముందు తండ్రి బావురుమన్నాడు.