ముప్పై ఎనిమిది అంగుళాల బిడ్డ

మిషను బల్ల మీద ఒక పట్టుదారం పరిచి ఉంది. దానికి రెండు ముళ్ళు.

ఈ ముడి నుంచి ఆ ముడికి టేపు పెట్టి కొలిచింది జమ్రూద్. ముప్పై ఎనిమిది అంగుళాలు.

మళ్ళీ కొలిచింది. టేపు మాట మార్చలేదు.

పసిబిడ్డల డైపర్ల మీద తొడిగే పట్టు కవరుకు అది నడుము కొలత.

హిందూపురంలో జమ్రూద్ కుట్టే ఈ కవర్లకు ఈ మధ్య మంచి గిరాకీ. లోపల మెత్తని నూలుగుడ్డ, పైన పట్టుముక్క, చుట్టూ జరీ అంచు, పక్కన ప్రెస్ బటన్లు. పేరు పెట్టే రోజు బిడ్డ బోర్లా పడినా ఫొటోలో పెండ్లికూతురిలా కనిపించాలని తల్లుల ముచ్చట.

ఇంతవరకు ఆమె కవరు కుట్టినవాళ్ళలో ఏ బిడ్డ నడుమూ పద్దెనిమిది దాటలేదు.

దారం తెచ్చినవాడు ఓబుళప్ప. ధర్మవరంలో మగ్గం నేస్తాడు. కూతురు సుమను పెనుకొండకు ఇచ్చాడు. పోయిన నెల సుమ బిడ్డకు కవరు కుట్టింది జమ్రూదే. అది తొడిగిన బిడ్డ ఫొటో చూసే ఈయన అంగడి వెతుక్కుంటూ వచ్చాడు.

దారంతో పాటు ఒక పాత కొంగు కూడా ఇచ్చాడు. వంకాయరంగు, నిండా జరీ.

"మా నాయన నేసిందిమ్మా. చీరంతా చినిగిపాయ. ఈ కొంగొకటే మిగిలిండాది. ఆదివారానికి కావల."

ఎవరికి అన్నా అని అడిగింది జమ్రూద్. ఆయన అంగట్లో కూర్చున్న ఆడవాళ్ళ వైపు చూసి, ఇంట్లోకే అని గొణిగి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

ఆదివారం సుమ బిడ్డకు పేరు పెట్టేది. అయితే ఇది కూడా ఆ బిడ్డకే అనుకుంది జమ్రూద్. కానీ ఆ బిడ్డ కొలత తన నోటుబుక్కులోనే ఉంది. పదహారు.

మగ్గమోళ్ళు దారాన్ని రెండు మడతలు వేసి కొలుస్తారేమో. సగం చేస్తే పంతొమ్మిది. అదీ వదులే. లేదంటే ఈ పెద్దమనిషి బిడ్డను కొలవబోయి ఊయలను కొలిచాడా?

కత్తెర తీసింది. పెట్టేసింది. ఉన్నది ఒకే కొంగు. పొరపాటున కత్తిరిస్తే అంతే సంగతులు. మళ్ళీ అతికినా జరీలో గీత కనబడుతుంది.

చివరికి ఫోన్ చేసింది. అవతల మగ్గం చప్పుడు ఆగింది.

"నడుస్తాదా అన్నా, బిడ్డ?"

"లేదుమ్మా."

"పండ్లు వచ్చినాయా?"

అవతల తలుపు మూసిన చప్పుడు.

"లేవు. ఆ దారం కొలత కరెక్టేమ్మా" అని పెట్టేశాడు.

బిడ్డా, ఏనుగుపిల్లా? జమ్రూద్‌కు తల తిరిగిపోయింది. ఆ ఇంట్లో జబ్బుతో ఒళ్ళు ఉబ్బిన బిడ్డ ఎవరైనా ఉన్నారేమోనని తోచి, ఆ తర్వాత మనసు స్థిమితపడలేదు.

మర్నాడు పొద్దున్నే కొంగు, టేపు సంచిలో పెట్టుకుని ధర్మవరం వెళ్ళే ప్యాసింజరు ఎక్కింది. పెనుకొండ దాటినా ఆ దారాన్ని వేలికి చుడుతూ, విప్పుతూనే ఉంది.

ఓబుళప్ప ఇంట్లో మగ్గం ఉంది. ఊయల లేదు.

వెనక గదిలో మంచం మీద ఒక అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఎడమ చెయ్యి ఒళ్ళో పడి ఉంది. మంచం కింద మందులషాపు నుంచి తెచ్చిన డైపర్ల ప్యాకెట్టు. దాని మీద పసిబిడ్డ బొమ్మ లేదు.

"మా యమ్మ" అన్నాడు ఓబుళప్ప, నేల చూస్తూ.

కాలూ చెయ్యీ పడిపోయి నాలుగు నెలలట. మునిమనవరాలికి పేరు పెట్టేదానికి రానని పట్టుబట్టిందట. చుట్టాలందరి మధ్య ఆ తెల్లసంచి కట్టుకుని ఎట్లా కూర్చుంటానని ఏడ్చిందట. ఫోనులో ఆ బిడ్డ ఫొటో చూపిస్తే మాత్రం, దానిదెంత బాగుందో అని చానాసేపు చూసిందట.

"మా నాయన ఎన్నో చీరలు నేసినాడు. అంగడికి ఇయ్యకుండా ఇంట్లో పెట్టుకున్నది ఈయమ్మకు నేసిన ఆ ఒక్కటే. మగోణ్ణి, నీకెట్ల చెప్పేదో తెలీలేదుమ్మా."

జమ్రూద్‌కు సిగ్గేసింది. పండ్లు వచ్చినాయా అని అడిగింది తానే.

ఆయన్ను బయటికి పంపి తలుపు దగ్గరికి వేసింది. అవ్వకు టేపు చుట్టి కొలిచింది. నలభై ఒకటి. అవ్వ పాత లంగాను కొలిచి కొడుకు దారం ముడేశాడట. డైపరు మందం లెక్కలో వేసుకోలేదు.

ఆ కొంగుతో తనకు కవరు కుడతారంటే అవ్వకు ఇంకా అయోమయంగానే ఉంది.

"పట్టు కండ్లకద్దుకునేది కదమ్మే. ఆడ కట్టుకుంటే తప్పు కాదా?"

"నీ మునిమనవరాలు కట్టుకునింది కదవ్వా."

అవ్వ కొంగును ఒళ్ళోకి లాక్కుంది. ఆడే చేత్తో జరీని తడిమింది.

"అంచు యాడ వస్తాది?"

"నడుము చుట్టూ."

"ఎనక?"

"ఎనక గూడ."

పైన చీర కడితే ఏ అంచూ ఎవరికీ కనిపించదని ఇద్దరికీ తెలుసు. జమ్రూద్ దారం ముడి విప్పి, మూడు అంగుళాల అవతల మళ్ళీ వేసింది.

అవ్వ తలుపు వైపు తిరిగింది.

"ఓబుళా, పెనుకొండకు కారు మాట్లాడినావా, లేదా?"